మా వదిన పిడికెడు బియ్యం

మూడో సూదిమందు వేయించుకుని మద్రాసు నుంచి వస్తూ, బిట్రగుంట స్టేషన్లో రైలు దిగీ దిగగానే మా వదిన ట్రంకుపెట్టె మీద కూలబడి, "ఇంక నేను పోను కరుణా" అన్నది.

అరవై ఏడు ఏప్రిల్ అది. ప్లాట్‌ఫారం పెనంలా కాలుతున్నది. జట్కా దాకా నడవలేనంటున్నదేమో అనుకున్నాను.

"బండిని ఇక్కడికే రమ్మందాంలే వదినా."

"బండి సంగతి కాదు మే కరుణా. మద్రాసు సంగతి. ఇంకా మూడు సూదులుండాయి గదా, అవి ఎవురికన్నా వేసుకోమను."

ఆ మందు రాసిన డాక్టరమ్మ నాతో స్పష్టంగా చెప్పింది. మూడు వారాలకొకటి చొప్పున ఆరు సూదిమందులు. ఆరూ పూర్తి అయితేనే ఆశ. మధ్యలో ఆపితే వేసినవి కూడా దండగ. వదినకు అంతకు ముందు డిసెంబరులో రాచపుండు, అదే క్యాన్సరు, అని ఎడమ రొమ్ము తీసేశారు. ఫిబ్రవరికల్లా చంకలో మళ్ళీ గడ్డ కనిపించింది. దానికి జర్మనీ నుంచి కొత్తగా వచ్చిన మందు ఇది. పాత మందులన్నీ అయిపోయాకనే కొత్త మందు దాకా వస్తారని నాకు తెలుసు, వదినకూ తెలుసు.

మా వదిన పేరు రెబెక్కమ్మ. మా అన్న జ్ఞానప్రకాశం జువ్వలదిన్నె మిషను బడికి హెడ్మాస్టరు. అదే బడిలో నేను ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు, దాని గురించి నేను దిగులు పడిందీ లేదు. అన్నా వదినలకు పిల్లలు లేరు. ముగ్గురం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం, అందులో నోరున్నది నాకు, పనితనం ఉన్నది వదినకు. సముద్రపొడ్డున చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర నుంచి పాస్టరు గారి భార్య దాకా అందరి రవికలూ వదినే కుట్టేది. ఊళ్ళో ఎవరి రవిక భుజం మీద ముడత పడినా ఆమెకు కంట్లో నలుసు పడినట్టుండేది. దారిలో ఆపి మరీ సరిచేసేది.

ఇంటి ముందు జట్కా దిగాక అన్నయ్యకు సంగతి చెప్పాను. మా అన్నకు ఏ కష్టమొచ్చినా గొంతు పెంచి బైబిలు చదవడం అలవాటు. ఆ సాయంత్రం ఆయన చదివిన కీర్తన వీధి చివరి ఇంటిదాకా వినిపించింది.

ఆ మందు సంగతి కొంచెం చెప్పాలి. మొదటి వారం వాంతులు. మంచినీళ్ళు కూడా లోపల నిలిచేవి కావు. రెండో వారం గోడకు ఆనుకుని కూర్చునేది. మూడో వారానికి కాస్త మనిషయ్యేది, అయీ కాకముందే మళ్ళీ రైలు. జుట్టు దువ్వెనకు దువ్వెనంత వచ్చేది. అన్నిటికంటే కష్టం వాసన. చేపల వాసన తగిలితే చాలు, కడుపు తిప్పేది. చేపలూరిలో చేపల వాసన తగలని చోటు ఎక్కడ వెతికేది?

మా దడి పక్కనే పేరమ్మ ఎండుచేపలు ఆరబెట్టేది. వదిన కంటే పదేళ్ళు పెద్దది. ఆమెకు చెప్పడానికి నేను మొహమాటపడుతున్నాను. ఆమెది బతుకుతెరువు, మాది రోగం. మర్నాడు పొద్దున చూద్దును గదా, దడి పక్కన ఒక్క చేప లేదు. పేరమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఇసకలో నడుస్తున్నది.

"యాడికి పేరమ్మా?"

"రెబెక్కమ్మకు వాసన పడలేదంట గదా టీచరమ్మా. చేపల్ని తాళ్ళతోపు ఆపక్కకి మార్చినా. గాలి మళ్ళితే మళ్ళా ఇటుపక్కకి తెస్తా. గాలికి మాత్రం నేను చెప్పలేను, అది నా మాట ఇనేది కాదు."

సాయంత్రం ఆమే ఒక ముంజల గెల తెచ్చి మా అరుగు మీద పడేసింది. చల్లటి తాటిముంజలు, ఏ వాసనా లేనివి. ఆ వారంలో వదిన కడుపులో నిలిచిన మొదటి తిండి అదే. మూడు ముంజలు తిని, నాలుగోది చేతిలో పట్టుకుని, "ఇది కూడా పోతుందేమోనే" అని భయపడుతూ తిన్నది. పోలేదు. పేరమ్మ పరీక్ష ప్యాసైనంత సంబరపడింది.

రెండో వారంలో వదిన కాస్త కోలుకుందని చూసి నేను పోట్లాట మొదలుపెట్టాను. ఊరుకునే స్వభావం కాదు నాది.

"ఇంకో రెండు నెలలు ఓర్చుకోలేవా వదినా? వాంతులకు భయపడి ప్రాణం ఒదులుకుంటావా?"

"వాంతులకు ఎవురు భయపడినారు? జుట్టు పోతే పోయింది. నెత్తిన ముసుగేసుకుంటే రోజంతా ప్రార్థనలో ఉండాదనుకుంటారు, మంచిదే గదా."

"మరి ఏంది నీ బాధ?"

వదిన చివరికి పైట తీసి చూపించింది. రవికకు ఒక పక్క నిండుగా ఉంది, రెండో పక్క ఖాళీ సంచిలా వేలాడుతున్నది. ఒక పక్క బరువు లేక ఆ భుజం పైకి లేచి, మనిషే ఒరిగినట్టుంది.

"ఊరందరికీ రవిక కుదిరించేదాన్ని, నా రవిక ఇట్టా ఉండాది. ఇంత మంది మధ్యన చర్చిలో ఎట్టా కూర్చునేది? ఇంకొక ఆడదానికి కొలత ఎట్టా తీసేది? చేతులెత్తు అంటే వాళ్ళు నా దిక్కే చూస్తారు గదా. నాకు చావు రాకుండా ఆ డాక్టరమ్మ పాటుపడతా ఉండాది, ఆమెకు దణ్ణం. వచ్చిన దినాలు నేను ఏం చేసుకునేది? నులక మంచం మీద పడుకుని లెక్కబెట్టుకునేదానికా?"

"ఇంత పెద్ద జబ్బు పెట్టుకుని రవిక గురించి ఏడుస్తావా!" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. వదిన పైట సర్దుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి అప్పటికి మూడు నెలలు దాటింది. సూది, దారం ముట్టనంటే ముట్టనన్నది. ఆ దుప్పటి వంక చూస్తూ కూర్చున్నాను, నాకు మెల్లగా తెలిసొచ్చింది. ఆమె అడుగుతున్నది రవిక కాదు, చర్చి, కుట్టు మిషను, వీధి, నలుగురు మనుషులు. వాటిల్లోకి పోవడానికి వేసుకునేది రవిక.

తెలిసొచ్చాక ఊరికే ఎలా ఉంటాను? పాత దిండు చింపి, దూది తీసి, గుడ్డలో పెట్టి ఉండలా కుట్టాను. ఆదివారం వదినను బతిమాలి, అది లోపల పెట్టించి చర్చికి బయల్దేరదీశాను. మా ఇంటికీ చర్చికీ నాలుగు వందల అడుగుల దూరం ఉంటుందేమో. సగం దూరం పోయేసరికి ఆ దూది ఉండ బరువు లేక, పైకి ఎక్కి ఎక్కి మెడ ఎముక దగ్గర కూర్చుంది.

"కరుణా, నాకు గొంతు గడ్డ కూడా వచ్చిందనుకుంటారే" అన్నది వదిన. వెనక్కి తిరిగి వచ్చేశాం.

బరువు లేకపోవడమే తప్పని నాకు అర్థమైంది. ఇసక పోద్దామంటే గరుకు. అలా ఆలోచిస్తుంటే వంటింట్లో బియ్యం డబ్బా కనిపించింది. బియ్యం మంచి బరువు, చల్లగా ఉంటుంది, ఎటు నొక్కితే అటు ఒదుగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. గుడ్డసంచి కుట్టి, రెండు సోలల బియ్యం పోసి, మూతి కుట్టేసి వదిన చేతిలో పెట్టాను. ఆమె ఆ కుట్టు చూసి, "ఇది కుట్టినావా, దడి కట్టినావా?" అన్నది. కానీ వేసుకుంది. నేను అంత ఆశగా నిలబడితే కాదనలేక వేసుకుందని నాకు తెలుసు.

ఏప్రిల్ చివరి ఆదివారం అది. చాపల మీద ఆడవాళ్ళ వైపు గోడ వారన కూర్చున్నాం. అందరూ పలకరించారు, ఎవరూ తేరిపార చూడలేదు. వదిన మొదటి పాటలో గొంతు కూడా కలిపింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

ఇక్కడ మా సంఘం అలవాటు ఒకటి చెప్పాలి. మా ఆడవాళ్ళు రోజూ అన్నానికి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేర కుండలో వేస్తారు. ఆదివారం దాన్ని సంచిలో పోసి చర్చికి తెస్తారు. సంఘ పెద్ద అబ్రహాము గారు బుట్ట పట్టుకుని అందరి దగ్గరా ఆ బియ్యం పోగుచేస్తారు. దేవుని బియ్యం ఒక్క గింజ నేల మీద పడినా ఆయన ఒప్పుకోరు.

ఆ రోజు ప్రార్థన కూడా అబ్రహాము గారిదే. ఆయన ప్రార్థనకు మోకాళ్ళూనితే నెల్లూరు నుంచి మొదలుపెట్టి లోకంలోని మిషనరీలందరినీ పేరుపేరునా పలకరించి గానీ ఆమెన్ దాకా రారు. బర్మా దాటారో లేదో, నా పక్కన సరసరమని చప్పుడైంది. ఒక కన్ను తెరిచి చూశాను. వదిన పైట కింద నుంచి చాప మీదికి సన్నగా బియ్యం కారుతున్నది. నా దడి కుట్టు విడిపోయింది. వదిన చేత్తో అదిమింది. అదిమితే ఇంకా ఎక్కువ కారింది. నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని, అబ్రహాము గారు ఆఫ్రికా అంతా తిరిగి రావాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఆయన ఆ రోజే తొందరగా ముగించారు.

కళ్ళు తెరిచేసరికి వదిన ముందు చారెడు బియ్యం కుప్ప. అబ్రహాము గారు చూడనే చూశారు. బుట్ట తీసుకుని గబగబా వచ్చారు.

"రెబెక్కమ్మా!" అన్నారు. "ఇంత జబ్బులో కూడా దేవుని పిడికెడు బియ్యం మరిచిపోలేదా తల్లీ! మోసేదానికి చేతగాక గుండెకు అదుముకుని తెచ్చినావా!"

అని ఆడవాళ్ళందరి వైపూ తిరిగి, "చూడండమ్మా. సంచులుండి కూడా వట్టి చేతులతో వచ్చేవాళ్ళు ఈమెను చూసి నేర్చుకోండి" అని, ఆ వయసులో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క గింజా ఏరి బుట్టలో వేయసాగారు.

వదిన తల వంచుకుని ఉంది. ఏడుస్తున్నదనే అనుకున్నాను. నన్ను నేను తిట్టుకుంటున్నాను.

"ఇంతేనా తల్లీ, ఇంకా ఉండాయా?" అన్నారాయన ఆప్యాయంగా.

"ఇంకో సోలెడు ఉంటాయి అయ్యా" అన్నది వదిన. "వస్తా ఉండాయి. బుట్ట అక్కడే పెట్టండి."

అని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వేకొద్దీ భుజాలు అదిరి ఇంకాసిని బియ్యం రాలాయి. మా వెనక కూర్చున్న నవోమికి సంగతి అర్థమై ఆమె నవ్వింది, పాస్టరు గారి భార్య నవ్వింది, ఆడవాళ్ళ వైపంతా ముసుగుల కింద గలగలమన్నది. అబ్రహాము గారు ఆ నవ్వంతా పరలోకానందమే అనుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ బియ్యాన్ని మర్నాడు పాస్టరు గారింట్లో వండుకున్నారు. తెలిసినవాళ్ళెవరూ నోరు విప్పలేదు.

ఇంటికి వచ్చే దారిలో వదిన నవ్వలేక ఇసకలో కూర్చుండిపోయింది. "ఆయన ఏరతా ఉంటే నేను కారస్తా ఉండానే!" అని మళ్ళీ నవ్వింది. డిసెంబరు తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఈ సంగతి మధ్యాహ్నానికల్లా పేరమ్మ చెవిన పడింది. వచ్చి అరుగు మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత చీర కొంగు ముడి విప్పింది. అందులో వల అంచుకు కట్టే సీసం ముక్కలున్నాయి.

"బియ్యం ఎందుకమ్మా, పురుగు పట్టేదానికా? బరువు కావాలంటే మమ్మల్ని గదా అడగాల. వల నీళ్ళలో తేలిపోకుండా నిలబడేది దీంతోనే. నిన్ను నిలబెట్టలేదా?"

"ఎన్ని వేయాల?" అన్నది వదిన. అడిగిన గొంతు పాత గొంతు, బట్ట కొలిచేటప్పటి గొంతు.

పేరమ్మ వదిన కుడిపక్క ఒకసారి తేరిపార చూసి, అరచేతిలో ముక్కలు ఒక్కొక్కటే వేసుకుంటూ బరువు చూసింది. "పదకొండు. ఇంకొకటి వేస్తే భుజం గుంజతాది."

"అంత కచ్చితంగా ఎట్టా చెప్తావు?"

"చిన్నప్పటి నుంచీ చేపల్ని చేత్తో ఎత్తి బరువు చెప్తా ఉండా. ఒక ఆడదాని రొమ్ము బరువు తెలీదా నాకు?"

వదిన లేచి, మిషను మీది దుప్పటి తీసి నా మీదికి విసిరింది. ముందుగా నా బియ్యం సంచిని ముక్కలు ముక్కలుగా విప్పింది, ఆ పనిలో అవసరమైన దానికంటే ఎక్కువ ఉత్సాహం చూపించిందని నా అనుమానం. సీసం ముక్కల్ని ఒకదానికొకటి తగలకుండా మెత్తటి గుడ్డలో కుట్టి, చుట్టూ దూది పేర్చి, రవిక లోపల దానికి ఒక జేబు పెట్టింది. ఆపరేషను జరిగిన ఎడమ పక్క చేయి వాచి ఉండడం వల్ల కాసేపు కుట్టి కాసేపు పడుకునేది. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున ఆ రవిక వేసుకుని నడవలో నిలబడింది.

"కరుణా, నన్ను తొయ్యి."

తోశాను.

"చేతగాలేదా? గట్టిగా తొయ్యి."

గట్టిగా తోశాను. వదిన రెండడుగులు వెనక్కి పోయింది. రవిక చెక్కుచెదరలేదు. వంగింది, మోకాళ్ళూనింది, లేచింది, చేతులు పైకెత్తింది. నెలల తరబడి పైకి లేచి ఉన్న భుజం దిగి, రెండో భుజంతో సమంగా నిలిచింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న అన్నయ్య బైబిలు తీయలేదు. అద్దం తెచ్చి పట్టుకున్నాడు.

ఆ వారం ముగ్గురు ఆడవాళ్ళు రవిక గుడ్డలు తెచ్చారు. వదిన పొద్దుట పూట కుట్టేది, మధ్యాహ్నం పడుకునేది. జబ్బు తగ్గిందని కాదు. చంకలో గడ్డ ఉన్నచోటే ఉంది. నాలుగో సూదిమందు గడువు దాటి నాలుగు రోజులైంది. అన్నయ్య ఆ మాట ఎత్తడానికి భయపడి రోజూ నా ముఖం చూసేవాడు. నేను అప్పటికి పోట్లాట మానుకుని ఉన్నాను.

"వదినా, ఈ రవిక ఆ డాక్టరమ్మ చూస్తే ఏమంటుందో" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

వదిన మిషను ఆపింది. "నన్ను రైలెక్కించేదానికి ఎత్తు వేస్తా ఉండావా?"

"అవును."

"అబద్ధమన్నా చెప్పవు." కాసేపు కుట్టింది. "సరే, చూపించి వస్తా. సూది సంగతి అక్కడికి పోయినాక చూస్తా. మాట మాత్రం ఇయ్యను."

అలా మాట తీసుకోకుండానే రైలెక్కాం. మద్రాసులో డాక్టరమ్మ ఆ రవికను చేతిలో పట్టుకుని బరువు చూసి, తిప్పి చూసి, లోపలి జేబులో వేలు పెట్టి చూసి, "ఎక్కడ కొన్నారు?" అన్నది. వదిన ముఖం వెలిగిపోయింది. వచ్చిన దానికి నాలుగో సూదిమందు వేయించుకుంది. "ఇదే ఆఖరు" అని నాకు ముందుగానే చెప్పింది. నేను నోరు మూసుకున్నాను. అంత కష్టపడి నోరు మూసుకోవడం నా జన్మలో ఎరగను.

మర్నాడు ఉదయం వార్డులో వదిన బేసిను పక్కన పెట్టుకుని పడుకుని ఉంది. ఎదురు మంచం మీద మనుబోలు నుంచి వచ్చిన నాగులమ్మ అనే ఆమె ఉంది. నలభై ఏళ్ళుంటాయి. అంత ఎండలో కూడా దుప్పటి మెడ దాకా చుట్టుకుని కూర్చుంది. ఆమెకూ ఒక పక్క తీసేశారు, రెండు సూదిమందులు అయ్యాయట. సాయంత్రం తమ్ముడు వస్తే అతనితో ఇంటికి పోతానని, మళ్ళీ ఈ గడప తొక్కనని నర్సుతో చెబుతున్నది.

వదిన కాసేపు ఆ దుప్పటి వంక చూసింది. బేసిన్లో ఒకసారి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, "పెట్టెలోంచి టేపు తియ్యి" అన్నది నాతో.

"నువ్వు లేవలేవు వదినా."

"తియ్యమంటిని గదా."

గోడ పట్టుకుని పోయి నాగులమ్మ మంచం పక్కన నిలబడింది. తన పైట తొలగించి రవిక చూపించింది. నాగులమ్మ చూసింది. చెయ్యి చాపి, తాకడానికి జంకి, వెనక్కి తీసుకుంది. వదినే ఆ చెయ్యి పట్టుకుని రవిక మీద పెట్టింది.

"ఇది... ఇటుపక్క?"

"నువ్వు చెయ్యి పెట్టిన పక్కే లేనిది. ఏది నిజమో ఏది కుట్టిందో నీకు తెలిసిందా?"

నాగులమ్మ తల అడ్డంగా ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"దుప్పటి తియ్యి. చేతులెత్తు" అన్నది వదిన.

నాగులమ్మ దుప్పటి వదిలింది. వదిన కొలతలు చెప్తుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. రెండు పక్కలకూ వేరువేరు కొలతలు. మధ్యలో ఒకసారి వదిన ఆగి, మంచం పట్టీ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. నాగులమ్మే ఆమె నడుము పట్టుకుంది. తర్వాత మళ్ళీ కొలిచింది.

"ఎప్పుడిస్తావక్కా?" అన్నది నాగులమ్మ.

"వచ్చే సూదికి."

"నేను ఇంక రానని చెప్పినానే."

"రాకపోతే నీ రవిక నేనేం చేసుకునేది? నా కొలత కాదు గదా."

నాగులమ్మ దుప్పటి మడత పెట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

వదిన వచ్చి మంచం మీద వాలింది, ముఖమంతా చెమట. నేను కాగితం మీద నాగులమ్మ కొలతల కింద ఐదో సూదిమందు తేదీ రాశాను. వదిన తల తిప్పి ఆ తేదీ చూసింది. కొట్టెయ్యమనలేదు.